నమోదు గాని టెలిఫోను



ఇప్పుడు ఆసుపత్రులలోను, బ్యాంకులలోను, సర్కారు కచేరీలలోను బల్లలమీద నుండు టెలిఫోనులలో పెక్కు ఐ.పి. ఫోనులు. చూపునకు పాతవానివలెనే యుండును గాని లోపలి వ్యవహారము వేఱు. పాత ఫోనునకు ఎక్స్ఛేంజి నుండి సొంత తీగ యొకటి వచ్చుచుండెను. ఏ తీగ యెవరిదో ఎక్స్ఛేంజివారికి ముందే తెలియును. ఐ.పి. ఫోనున కట్టి తీగ లేదు. అది కంప్యూటరులు వాడుకొను తీగలమీదనే బ్రతుకును. కావున "ఫలాని నంబరుగల నేను ఫలాని చోట నున్నాను" అని తానే పోయి సర్వరను యంత్రమునకు విన్నవించుకొనవలెను. ఈ విన్నపమునకే నమోదని పేరు. (నమోదనునది పారసీక శబ్దము, కనబడుట యని యర్థము. ఇచ్చట చక్కగా అతికినది.)

చిరకాలము హాజరుపట్టీ పిలిచినవాడను గనుక నాకీ పద్ధతి సులభముగా బోధపడినది. పిల్లవాడు బడిలోనే కూర్చుండియున్నను, పేరు పిలిచినపుడు పలుకనిచో పట్టీలో లేనివాడే. పైగా ఫోను ఒక్కమారు పలికిన చాలదు. ఆ హాజరునకు గడువు కలదు. తఱచుగా ఒక గంట, అనగా 3600 సెకండ్లు, కొన్నిచోట్ల కొలది నిమిషములే. గడువు తీరకముందే మరల చెప్పుకొనవలెను. ఇది సిప్ అను నియమావళి ననుసరించి జరుగును. ఇప్పుడు చెల్లుచున్న దాని పాఠము 2002లో ప్రకటింపబడినది.

నమోదు తప్పిన ఫోను చెడినట్లు కనబడదు. దీపము వెలుగుచునే యుండును. అర్ధరాత్రి నొప్పులు పడుచున్న కోడలికొఱకు ఆసుపత్రికి ఫోను చేసిన మామగారు, అచ్చటివారు కావలెననియే యెత్తలేదని తిట్టుకొనును. లోపలి నర్సమ్మకు పిలుపు వచ్చిన సంగతియే తెలియదు. ఇట్టి అపార్థమువలన పుట్టిన తగవును తీర్చుటకు నేనొకమారు మధ్యవర్తిగా పోవలసివచ్చినది.

మొదట అడుగవలసిన ప్రశ్న యొక్కటే: ఒక ఫోనే మూగవోయినదా, అన్నియునా? అన్నియు నొక్కమారు పోయినచో ఫోనులను ముట్టనక్కఱలేదు. దోషము స్విచ్చిలోనో, రౌటరులోనో, సర్వరులోనో యుండును. ఒక్కటే యైనచో దానిని ప్రక్కబల్లవారి తీగకు తగిలించి చూడుడు. అచ్చట పలికినచో తీగదే తప్పు. చాల ఫోనులకు విద్యుత్తు కూడ ఆ తీగలోనే, స్విచ్చినుండి, సుమారు 48 వోల్టులు వచ్చును. వెనుక రెండు రంధ్రములుండును: ఒకటి గోడతీగకు, మఱియొకటి కంప్యూటరునకు. ఊడ్చునపుడు లాగినవారు తారుమారుగా పెట్టుట కలదు.

పిదప ఫోను మెనూలో దాని చిరునామాను చూడుడు. అన్నియు సున్నలైనను, 169.254తో ఆరంభమైనను, దానికెవ్వరును ఇంటినంబరు ఇయ్యలేదని గ్రహింపవలెను.

చిరునామా సరిగా నున్నచో సర్వరు పంపిన అంకెలను చదువుడు. 401 అనగా శిక్ష గాదు. "రుజువు చూపుము" అని యడుగుట. మొదటిమారు అది వచ్చుట సహజమే, మాటిమాటికి వచ్చుచున్నచో పాస్‌వర్డు తప్పినదన్నమాట. 403 నిరాకరణము. 404 అనగా ఆ నంబరు పట్టీలోనే లేదు. 408 వచ్చినను, ఏ జవాబును రాకున్నను, విన్నపము చేరలేదని యనుమానింపవలెను: సర్వరు పడిపోయినదో, నడుమ ఫైర్‌వాల్ 5060వ ద్వారమును మూసినదో. కొన్ని రౌటరులు సహాయము చేయబోయి విన్నపములోని చిరునామాను దిద్ది చెడగొట్టును, సిప్ ఏ.ఎల్.జి. అను ఆ సదుపాయమును తీసివేయింపవలెను.

పాస్‌వర్డును ఊహించి పదేపదే కొట్టరాదు. కొన్ని సర్వరులు దొంగయని తలచి ఆ చోటినే కొంతకాలము వెలివేయును. కచేరీ యంతయు ఒకే చిరునామాతో బయటికి పోవును గనుక, అన్ని బల్లల ఫోనులును మూగవోవును.

ఇంకొక చిత్రము. గుప్తభాషలో మాటాడు ఫోనునకు సర్వరు తేదీలుగల ధ్రువపత్రము చూపును. కరెంటు పోయివచ్చి ఫోను గడియారము పాత సంవత్సరమునకు జాఱినచో, పత్రము ఇంకను అమలునకు రాలేదని అది త్రోసిపుచ్చును. పాత పంచాంగము పట్టుకొన్న పురోహితుడు మంచి ముహూర్తమును కాదన్నట్లు!

తోచక ఫోనును మొదటి స్థితికి మరలించు మీటను నొక్కువారు కలరు. దానితో నంబరు, పాస్‌వర్డు, సర్వరు పేరు తుడిచిపెట్టుకొనిపోవచ్చును. వైద్యుడు రాకముందే రోగి చీట్లు చింపుటవంటి పని. ఒకటా అన్నియునా, చిరునామా యేమి, అంకె యేమి, ముందటి దినమున నెవరేమి మార్చిరి, ఈ నాలుగును కాగితముమీద వ్రాసి మరమ్మతువానికి చెప్పుడు.

అంతవఱకు ఆ నంబరునకు వచ్చు పిలుపులను ఎవరిదైన సెల్‌ఫోనునకు మరలింపవచ్చును. ఆ యేర్పాటును సర్వరులోనే చేయింపవలెను. ఫోనులో చేసినచో, నమోదు తప్పినపుడు అదియు పనిచేయదు.