ట్యాగులంటే స్పామ్ ఫిల్టర్‌కు ఎందుకంత అనుమానం?

వెబ్ పేజీలో అక్షరాలు కొట్టొచ్చినట్టు ఎర్రగా కనబడాలంటే హెచ్‌టీఎంఎల్‌లో వాడే రంగు కోడు ‘ఎఫ్ఎఫ్0000’. 2002లో ప్రోగ్రామర్ పాల్ గ్రాహం తనకొచ్చిన స్పామ్‌నూ మంచి మెయిళ్లనూ విడదీసి మాటలు లెక్కగట్టించాడు. స్పామ్‌ను పట్టివ్వడంలో ఈ కోడు బూతు మాటలకేమీ తీసిపోలేదు!

మరి వెబ్ డిజైన్ మాన్యువల్ రాసేవాళ్ల గతేమిటి? వాళ్ల మెయిళ్ల నిండా ఇలాంటి కోడులూ, కోణపు బ్రాకెట్లలో రాసే ట్యాగులే.

ఫిల్టర్‌కు భావం తెలియదు. మెయిల్‌ని ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఇదివరకు స్పామ్‌లో ఎంత, మంచి మెయిళ్లలో ఎంత వచ్చిందో చూసి బేయిస్ సూత్రంతో సంభావ్యత కడుతుంది. స్పామ్‌అసాసిన్ లాంటి ఫిల్టర్లు దీనికితోడు నియమాలు పెట్టుకుని మార్కులు వేస్తాయి. మామూలు టెక్స్ట్ లేకుండా ఉత్త హెచ్‌టీఎంఎల్ వస్తే కొన్ని మార్కులు, ఇంకేదో తేడాగా ఉంటే మరికొన్ని. ఎవరూ సెట్టింగు మార్చకపోతే, మొత్తం 5కు చేరగానే స్పామ్ ముద్ర పడుతుంది.

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. స్పామర్లు ‘వయాగ్రా’ అనే మాట నడుమ హెచ్‌టీఎంఎల్ కామెంట్ ఒకటి ఇరికించేవారు. కామెంట్ తెరమీద కనబడదు కాబట్టి చదివేవాళ్లకు మాట అతుక్కునే ఉంటుంది, ఫిల్టర్‌కు మాత్రం రెండు అర్థంలేని ముక్కలు. అందుకే గ్రాహం తన ఫిల్టర్‌లో కామెంట్లను అసలు లేనట్టే లెక్కేశాడు.

పంపేవాళ్లు మొదట చూసుకోవాల్సింది మెయిల్ హెడర్‌లోని కంటెంట్-టైప్. అక్కడ ‘టెక్స్ట్/ప్లెయిన్’ అని ఉంటే మాన్యువళ్లు రాయడానికి వాడే డాక్‌బుక్ ట్యాగులైనా, హెచ్‌టీఎంఎల్ ట్యాగులైనా వట్టి అక్షరాలే. ‘టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్’ అని ఉంటే అవే ట్యాగులు ఆదేశాలైపోతాయి. హెచ్‌టీఎంఎల్‌లోనే పంపక తప్పకపోతే కోణపు బ్రాకెట్లను వాటికి కేటాయించిన సంకేతాల్లోకి మార్చాలి. పెద్ద ఫైలైతే అటాచ్‌మెంటే మేలు. కాకపోతే జావాస్క్రిప్ట్ ఫైళ్లను జీమెయిల్ 2017 ఫిబ్రవరి నుంచి ఆపేస్తోంది, జిప్ చేసినా సరే. వాటికి లింకు ఇవ్వడమే దారి. ఫిల్టర్‌కు భయపడి ఉదాహరణ కోడునే వంకరటింకరగా మార్చి పంపేవాళ్లూ ఉంటారు. అది తెలివితక్కువ పని, కాపీ చేసుకున్నవాళ్ల దగ్గర ఆ కోడు నడవదు.

అసలు మందు అందుకునేవాళ్ల చేతిలోనే ఉంది. గ్రాహంకు ‘లిస్ప్’ అనే ప్రోగ్రామింగ్ భాష గురించి బోలెడు మెయిళ్లు వచ్చేవి, స్పామ్‌లో ఆ పేరు ఒక్కసారీ రాలేదు. దాంతో ఆ మాట ఉంటే చాలు, మెయిల్‌కు లోపలికి దారి దొరికినట్టే. మీ ఫిల్టర్‌కు డాక్‌బుక్‌లోని ‘పారా’, ‘సెక్షన్’ ట్యాగులు కూడా అలాగే అలవాటు కావాలి. స్పామ్‌అసాసిన్‌లోని బేయిస్ భాగం మామూలుగా 200 మంచి మెయిళ్లు, 200 స్పామ్ మెయిళ్లు చూస్తేగానీ నోరు విప్పదు. కాబట్టి స్పామ్ ఫోల్డర్‌లో మాన్యువల్ దొరికితే ఊరికే బయటికి లాగొద్దు, ‘స్పామ్ కాదు’ అని నొక్కండి. నమ్మకస్తుల జాబితాలో ఒట్టి అడ్రసు చేరిస్తే చాలదు, దాన్ని ఎవరైనా దొంగిలించి వాడుకోవచ్చు. మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని చూపే డీకేఐఎం సంతకం సరిపోలితేనే వదిలేలా పెట్టుకోవాలి.

స్పామ్ ఫిల్టర్ల మీదే మాన్యువల్ రాసేవాళ్లకు ఇంకో చిక్కుంది. ఫిల్టర్ పనిచేస్తోందో లేదో చూడటానికి ‘జీట్యూబ్’ అనే 68 అక్షరాల పరీక్ష వాక్యం ఉంది. దాన్ని పూర్తిగా మెయిల్లో పెట్టకండి. స్పామ్‌అసాసిన్ దానికి వేసే మార్కులు 1000.