ఇగురు తెలిస్తే పాస్తా వచ్చినట్టే

వానాకాలంలో మా కోనసీమ పెరళ్లలో, తడిసిన గడ్డిమేటు పక్కన తెల్లారేసరికి పుట్టగొడుగులు లేచి ఉండేవి. ముందు చిన్న గుడ్లలా ముడుచుకుని, పొద్దెక్కేసరికి విచ్చుకునేవి. విచ్చుకోకముందే మా అమ్మమ్మ కోసుకొచ్చి ఇగురు వండేది. కొన్ని ఇళ్లలో వాటిని గడప దాటనిచ్చేవారు కాదు. మా ఇంట్లో మాత్రం ఆ పూట పండగే.

విదేశాల్లో మీరున్న చోట గడ్డిమేట్లు ఉండవు. పని ముగించుకుని రాత్రి ఏడింటికి ఇల్లు చేరితే, ఫ్రిజ్‌లో ఒక డబ్బా బటన్ పుట్టగొడుగులు, అరలో ఒక పాస్తా ప్యాకెట్ ఉంటాయి. అవి చాలు. మిగిలిన విద్య అమ్మమ్మ మాటలోనే ఉంది. ఇగరడమంటే నీరు పోయి రుచి మిగలడం. గోదావరి జిల్లాల్లో రొయ్యలైనా చిక్కుడుకాయలైనా, పులుసు పెట్టకపోతే ఇగురే.

పుట్టగొడుగులో తొంభై శాతం దాకా నీరే. అందుకే మూకుడు వెడల్పుగా ఉండాలి. ఇద్దరికి 250 గ్రాముల పుట్టగొడుగులు, 200 గ్రాముల పాస్తా సరిపోతాయి. పుట్టగొడుగుల్ని నానబెట్టకుండా తడిగుడ్డతో తుడిచి, మందంగా కోయండి. రెండు చెంచాల నూనె బాగా కాగాక వేసి, కదపకుండా వదిలేయండి. కాసేపటికి ముక్కలు ముడుచుకుని మూకుడంతా బూడిదరంగు నీరు ఊరుతుంది. సుయ్యిమన్న చప్పుడు కుతకుతగా మారుతుంది. చాలామంది ఉడికిందనుకుని ఇక్కడే మీగడ పోసేస్తారు. రుచి చెడేదీ ఇక్కడే. మంట తగ్గించకండి. ఆ నీరంతా ఇగిరిపోయి, మళ్లీ చిటపటలు వినపడి, అంచులు బెల్లం రంగుకు తిరిగేదాకా ఆగండి. అప్పుడు సన్నగా తరిగిన ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు పచ్చిమిర్చి, ఓ రెమ్మ కరివేపాకు వేసి వేయించండి. ఉప్పు చివర్న. మిరియాలు మాత్రం అప్పటికప్పుడు దంచి, ధారాళంగా వేయండి.

ఈలోగా పక్క పొయ్యి మీద ఉప్పునీళ్లలో పాస్తా ఉడుకుతుంటుంది. ప్యాకెట్ మీద రాసినదానికంటే నిమిషం ముందే దించండి. ఆ నీళ్లు పారబోయకండి, అది గంజి! అన్నం వార్చిన గంజిలో ఇంత ఉప్పేసుకుని తాగి పొలానికి వెళ్లిన వాళ్ల మనవలం మనం. ఓ గరిటెడు గంజి, అర కప్పు చిక్కటి కొబ్బరిపాలు ఇగురులో పోసి, పాస్తా వేసి రెండు నిమిషాలు కలపండి. గంజిలోని పిండి కొబ్బరిపాలలో నూనె విడిపోకుండా పట్టి ఉంచి, పాస్తాకు అంటిస్తుంది. మీగడకంటే కొబ్బరిపాలకే నా ఓటు.

పాస్తా మీద చల్లుకునే చీజ్ విషయంలో శాకాహారులు ఒకటి చూసుకోవాలి. ఇటలీ పార్మెజాన్ తయారీలో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వాడతారు. ఆ చీజ్ బదులు వేయించిన జీడిపప్పు కచ్చాపచ్చాగా దంచి చల్లుకోండి. కోనసీమలో మోరి జీడిపప్పుకు పేరు.

ఇంకొక్క మాట, ఇది వంటకంటే ముఖ్యం. అమెరికా, యూరప్, ఆస్ట్రేలియాల్లో చెట్ల కింద డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగు మొలుస్తుంది. లేతగా ఉన్నప్పుడు అదీ గుడ్డులాగే ఉంటుంది. మన గడ్డి పుట్టగొడుగే అనుకుని తిని ఆసియా నుంచి వెళ్లినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎంత ఉడికించినా ఆ విషం పోదు. తిన్న చాలా గంటల తర్వాత గానీ వాంతులు మొదలవవు. ఓసారి తగ్గినట్టే అనిపిస్తుంది, లోపల కాలేయం మాత్రం దెబ్బతింటూనే ఉంటుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి పార్కులో నడకకు వెళ్తున్నారంటే ఈ సంగతి వాళ్లకు ముందే చెప్పండి. పుట్టగొడుగులు దుకాణంలో కొన్నవే వండండి.