అరచేతిలో హైదరాబాదు విమానం

ఈ బొమ్మ విమానం పిల్లలు ఆడుకొనేది కాదు. పెద్దలు అద్దాల బీరువాలో దాచుకొనేది. కరిగించిన జింకు మిశ్రమాన్ని ఉక్కు అచ్చులోనికి ఒత్తిడితో పంపి పోతపోస్తారు. 36 అడుగుల 10 అంగుళాల రెక్కలుగల స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం, 72వ వంతు కొలతలో ఆరంగుళాలకు ఒదిగిపోతుంది.

సేకరించేవారు ముందుగా చూసేది దాని ప్రక్కనున్న అక్షరాలు. 'యు.ఎం.' అని ఉంటే అది 152వ దళం. నైజాం నవాబు ఇచ్చిన విరాళం మూలంగా దానికి 'హైదరాబాదు' అని పేరొచ్చింది. (ఆయన ఖజానా నిండింది ముఖ్యంగా రైతులు కట్టిన శిస్తుతోనే కదా!) 1940లో ఆ దళం ఇంగ్లండు ఆకాశంలో పోరాడింది, తరువాత బర్మాకు వచ్చింది. తిరిగి ఇల్లు చేరని కుర్రవాళ్లు అందులో ఎందరో.

పాత బొమ్మలు కొనేవారు రెక్కల మొదళ్లలో వెంట్రుకవాసి పగులుందేమో చూసుకోవాలి. జింకులో రవ్వంత సీసం కలిసినా ఏళ్ల తరువాత లోహం పగిలి పొడైపోతుంది. దానికి మందులేదు.