ఆపదలో పలికే చేతి రేడియో: కొనేముందు తెలుసుకోవలసిన సంగతులు

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు వేలమంది ప్రాణాలు కోల్పోయారు. స్తంభాలు కూలి, తంతి, టెలిఫోను తీగలు తెగి, బతికి బయటపడినవారి కేక బయటి ప్రపంచానికి చేరడమే గగనమయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకేనాటికి తీగలతో పనిలేని సెల్‌ఫోను ఇంటింటికీ వచ్చింది. అయినా ఆనాడు నగరంలో వేలాది ఫోన్లు మూగపోయాయి. సెల్‌ఫోను పలకాలంటే టవరు నిలిచి ఉండాలి, దానికి విద్యుత్తు అందాలి, దానిని కేంద్రంతో కలిపే మార్గం చెడకుండా ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా చేతిలోని ఫోను పలకదు.

ఒక రేడియో నుండి మరొక రేడియోకు నేరుగా వెళ్లే మాటకు ఈ మధ్యవర్తులు అక్కరలేదు. అందువల్లనే తుఫాను భయం ఉన్న తీర ప్రాంతాల్లోనూ, కొండ ఊళ్లలోనూ చాలామంది వాకీటాకీ కొనాలని తలపోస్తుంటారు. అంగడిలో వారు వేసే మొదటి ప్రశ్న, "ఇది ఎన్ని కిలోమీటర్లు పలుకుతుంది?" అనేది. నిజానికి మొదట వేసుకోవలసిన ప్రశ్న వేరే ఉంది: "అవతల వినేవారు ఎవరు?" దానికి జవాబు తేలితే తక్కిన ఎంపిక చాలావరకు తేలికవుతుంది.

వినడానికా, మాట్లాడడానికా?

తుఫాను ఎటు కదులుతున్నదో, ఎక్కడికి తరలిపోవాలో తెలుసుకోవడమే అవసరమయితే ఆకాశవాణి వినిపించే ట్రాన్సిస్టరు, కొన్ని అదనపు సెల్లులు చాలు. అన్నిటికంటే చవకైన రక్షణ అదే. ఇతరులతో మాట్లాడవలసిన అవసరం ఉన్నప్పుడే వాకీటాకీ ఆలోచన చేయాలి.

చట్టం చూపే రెండు దారులు

మన దేశంలో 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పౌనఃపున్యాలపై పనిచేసే తక్కువ శక్తి సెట్లకు లైసెన్సు అక్కరలేదు. అయితే ఆ నమూనాకు ప్రభుత్వ ఆమోదం ఉండాలి. ఒకే వీధిలోని బంధువులకు, ఒక పేటలో పనిచేసే స్వచ్ఛంద సేవకులకు ఇవి సరిపోతాయి.

రెండవది అమెచ్యూర్ రేడియో, వాడుకలో హామ్ రేడియో. 144-146, 434-438 మెగాహెర్ట్జ్ పట్టీలు చేతి సెట్లకు అనువైనవి. ఇందుకు పరీక్ష రాసి, టెలికమ్యూనికేషన్ల శాఖ నుండి లైసెన్సు పొందాలి. లైసెన్సుతోపాటు ఆ వ్యక్తికి ఒక పిలుపు సంకేతం లభిస్తుంది. అంతకుమించి, వినడానికి అలవాటు పడిన వందలాది తోటి హామ్‌ల పరిచయం లభిస్తుంది. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ విద్యకు పేరు పొందింది.

చవకగా దొరికే కొన్ని సెట్లు పోలీసులు, ఇతర సేవలవారు వాడే పౌనఃపున్యాలపైనా పలుకగలవు. లైసెన్సు లేకుండా వాటిని వాడడం నేరమే కాక, సహాయక బృందాల సంభాషణకు అడ్డు తగిలే ప్రమాదం కూడా ఉంది. అందుకే 2025లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అమ్మకాలపై మార్గదర్శకాలు జారీచేసింది. పౌనఃపున్యం, లైసెన్సు అవసరం స్పష్టంగా చెప్పని వాకీటాకీని కొనకపోవడమే మేలు.

దూరాన్ని నిర్ణయించేది ఎత్తు

చేతి సెట్ల తరంగాలు దాదాపు చూపు వలె సూటిగా పోతాయి. నేలకు 1.5 మీటర్ల ఎత్తున ఉన్న సెట్టుకు రేడియో దిక్చక్రం సుమారు 5 కిలోమీటర్లు. 9 మీటర్ల మేడపైన అది 12 కిలోమీటర్లు, 25 మీటర్ల ఎత్తున 20 కిలోమీటర్లు అవుతుంది. ఇది చదునైన బయలు లెక్క. మధ్యలో మేడలు, తోపులు ఉంటే దూరం చాలా తగ్గిపోతుంది. పెట్టెపై అచ్చువేసే పెద్ద అంకెలు కొండ నుండి కొండకు పలికినప్పటివి కావచ్చు. శక్తిని రెండింతలు చేసినా దూరం రెండింతలు కాదు. మేడమెట్లు ఎక్కడం అంతకంటే మంచి ఉపాయం.

ఎత్తయిన చోట ఉండే రిపీటరు కేంద్రం మాటను అందుకొని మరింత దూరం పంపుతుంది. కాని దానికీ విద్యుత్తు కావాలి. అది లేనప్పుడు కూడా ఎవరితో నేరుగా మాట్లాడవచ్చునో ముందే పరీక్షించుకోవాలి.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు భారతి ప్రసాద్ నాయకత్వాన హామ్‌ల బృందం ఒకటి పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నది. సాధారణ సంబంధాలు తెగిపోయిన ఆ ఘడియలో వారి రేడియో అండమాన్ నుండి కబుర్లు చేరవేసింది. వెయ్యి కిలోమీటర్లకు పైబడిన ఆ దూరాన్ని దాటించినవి ఆకాశపు పైపొరల నుండి పరావర్తనం చెందే హ్రస్వ తరంగాలు. వాటికి పెద్ద సెట్టు, పొడవైన ఏరియల్ కావాలి. చేతి సెట్టు నుండి అంత ఆశించరాదు. ఊరికి, పునరావాస కేంద్రానికి మధ్య అది చేసే సేవ అది చేస్తుంది.

సెట్టులో చూడవలసినవి

ఏరియల్ విప్పి మార్చగలిగేదయితే మంచిది. సెట్టుతో వచ్చే పొట్టి ఏరియల్‌కు బదులు, 144 మెగాహెర్ట్జ్‌కు తగిన అరమీటరు ఏరియల్ బిగిస్తే మాట మెరుగవుతుంది. లైసెన్సు అక్కరలేని సెట్లకు ఏరియల్ సాధారణంగా స్థిరంగానే ఉంటుంది, దానిని మార్చరాదు.

వినడం కంటే మాట్లాడడానికి బ్యాటరీ అనేక రెట్లు ఖర్చవుతుంది. కనుక అదనపు బ్యాటరీ తప్పనిసరి. మామూలు సెల్లులు వేసుకొనే డబ్బా దొరికే నమూనా అయితే కరెంటు లేని రోజుల్లో ఆదుకొంటుంది. ఐ.పి.67 గుర్తు ఉన్న సెట్టు మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా చెడదు. వానలో పనిచేసేవారికి ఇది అక్కరకు వస్తుంది. చీకటిలో తడిమి వాడగలిగే పెద్ద మీటలుండడం తెర అందం కంటే ముఖ్యం. ఒకే ఇంటివారు ఒకే రకం సెట్లు తీసుకొంటే బ్యాటరీలు మార్చుకోవచ్చు.

కొన్న తరువాత

ఏ చానెలు, ఏ వేళ అన్నది కాగితంపై రాసి అందరికీ ఇవ్వాలి. గంటగంటకు మొదటి అయిదు నిమిషాలు మాత్రమే సెట్టు తెరిచి వినాలన్న నియమం పెట్టుకొంటే బ్యాటరీ రోజుల తరబడి నిలుస్తుంది. మీట నొక్కి ఒక క్షణం ఆగి మాట్లాడాలి; లేకుంటే మొదటి మాట తెగిపోతుంది. ఎవరు, ఎక్కడ, ఏమి కావాలి, ఎందరికి అనే నాలుగు ముక్కలతో కబురు ముగించాలి. నెలకొకసారి సాధన చేయాలి. ఆనాడే బ్యాటరీలు నింపి ఉంచాలి.

ఇంత తెలిసిన తరువాత అంగడికి వెళ్లేముందు చేయవలసిన పని ఒకటే. ఆపద వేళ తన పిలుపు వినడానికి ఒప్పుకొన్నవారి పేర్లు ఒక చీటీపై రాసుకోవాలి. ఆ చీటీలో ఒక్క పేరయినా లేకుంటే, ముందు సంపాదించుకోవలసింది సెట్టు కాదు, ఆ మనిషిని.