చలికి సడలే స్క్రూ

‘ఎమ్మెస్సీ చదివి స్క్రూలు బిగించే ఉద్యోగమా?’ అంటారు మా అత్తయ్య. అవునండీ, నా పని అదే! బిగించిన స్క్రూను మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచి, సడలిందో లేదో చూడటం.

బిగుసుకున్న సీసా మూత వేడినీళ్లకు వదులవుతుంది కదా! ఇక్కడ చలికే వదులవుతుంది. అంత చలిలో 100 మిల్లీమీటర్ల అల్యూమినియం దాదాపు 0.4 మి.మీ. ముడుచుకుంటే, స్టీలు 0.3 లోపే. దాంతో అల్యూమినియం పలకపై స్టీలు స్క్రూ పట్టు తప్పుతుంది. గిన్నెలా వంగిన స్ప్రింగు వాషరు వేస్తే ఆ తేడాను సర్దుకుంటుంది. తలకు తీగ కట్టామంటే స్క్రూ తిరగదు. కానీ పోయిన బిగువును తీగ తేలేదు. నైలాన్ నట్టయితే చలికి పెళుసెక్కుతుంది.

రాకెట్టులో ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీలుంటుంది. ఎగిరాక స్పానరు పట్టుకుని ఎవరెళ్తారు? అందుకే ముంచి, తీసి, కుదిపి, మళ్లీ ముంచి చూడాల్సిందే. ఓపిక ఉన్న అమ్మాయిలకు మంచి పని సుమండీ!