గట్టు మీది ఆటగాళ్ళు

పిల్లలూ!

2024 డిసెంబరు 28న మెల్బోర్న్ క్రికెట్ మైదానంలో మన విశాఖపట్నం కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి టెస్టు ఆటలో తన మొదటి సెంచరీ కొట్టాడు. మీలో చాలామంది ఆ ఆటను టీవీలో చూసే వుంటారు. జనం మధ్య నిలబడి కళ్ళు తుడుచుకుంటున్న అతని తండ్రిని కూడా చూసి వుంటారు. మరి క్రికెట్ రోజులు ముగిశాక అదే మైదానంలో ఏమి జరుగుతుందో మీకు తెలుసా?

ఆస్ట్రేలియా భూగోళపు దక్షిణార్ధంలో వున్నది గదా! మనకు చలికాలమైతే వారికి ఎండాకాలం. మార్చి నెల వచ్చేసరికి అక్కడ ఎండలు తగ్గిపోతాయి. అప్పుడు మైదానం మధ్యనున్న క్రికెట్ పిచ్‌ను పెద్ద పళ్ళెంలో మట్టి ఎత్తినట్లు ఎత్తి అవతలికి తీసుకుపోతారు. మైదానానికి రెండు కొసలా నాలుగేసి స్తంభాలు నిలబెడతారు. ఇక సెప్టెంబరు దాకా అక్కడ మరొక ఆటదే రాజ్యం. దాని పేరు ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. అక్కడివారు ముద్దుగా "ఫుటీ" అంటారు.

ఇది నిన్న మొన్న పుట్టిన ఆట కాదు. 1858లో టామ్ విల్స్ అనే క్రికెట్ ఆటగాడు పత్రికకు ఒక ఉత్తరం రాశాడు. చలికాలంలో క్రికెట్ ఆటగాళ్ళు వూరికే కూర్చుని ఒళ్ళు పెంచకుండా ఒక ఫుట్‌బాల్ సంఘం పెట్టుకుంటే బాగుంటుందని అందులో సలహా చెప్పాడు. మరుసటి సంవత్సరం మే నెలలో మెల్బోర్న్‌లో కొందరు కూర్చుని ఆట నియమాలను కాగితం మీద పెట్టారు.

మైదానంలో ఒక్కొక్క పక్షాన 18 మంది ఆడతారు. బంతి కోడిగుడ్డు ఆకారంలో వుంటుంది. దాన్ని కాలితో తన్నవచ్చు. ఒక చేతిలో పెట్టుకుని రెండవ చేతి పిడికిలితో కొట్టి తోటివాడికి అందించవచ్చు. విసరడం మాత్రం తప్పు. బంతిని పట్టుకుని పరుగెత్తవచ్చు కాని, ప్రతి 15 మీటర్లకూ ఒకసారి దాన్ని నేలకు తాకించి తీరాలి. మధ్యనున్న రెండు పొడుగు స్తంభాల నడుమ నుంచి తన్నితే 6 పాయింట్లు. పక్కనున్న పొట్టి స్తంభం వైపు నుంచి పోతే ఒక్కటే పాయింటు.

ఆట సంగతి తెలిసింది గనుక ఇక అసలు విషయానికి వద్దాం.

ఈ ఆటలో అన్నిటికన్న పెద్ద పోటీని ఏ.ఎఫ్.ఎల్. అంటారు. అందులో 18 క్లబ్బులున్నవి. ఒక్కొక్క క్లబ్బు నలభై మందికి పైగా ఆటగాళ్ళను పోషిస్తుంది. కాని వారం వారం ఆటకు పిలిచేది 23 మందిని మాత్రమే. తీసివేత లెక్క మీరే చేయండి. ప్రతి క్లబ్బులోనూ ఇరవై మంది దాకా మిగిలిపోతారు. వారిలో కొందరికి దెబ్బలు తగిలి వుంటాయి. తక్కినవారు పిలుపు కోసం ఎదురుచూస్తూ వుంటారు. వరికోతలప్పుడు చేలో దిగినవారు కొందరైతే, కొడవలి పట్టుకుని గట్టు మీద నిలబడ్డవారు కొందరుంటారు చూడండి, వీరి స్థితి సరిగ్గా అదే. అందుకే నేను వీరిని గట్టు మీది ఆటగాళ్ళు అంటాను.

వీరు ఖాళీగా వుండరు. విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా, పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రాలకు వేరే లీగులున్నవి. వాటిలో ఆడుతూ వుంటారు. పెద్ద ఆటకు మెల్బోర్న్ మైదానంలో లక్షమంది పడతారు. ఈ చిన్న ఆటలకు వచ్చే జనం చాలా తక్కువ. సెప్టెంబరు ముగిసిందంటే వీరికి గుండె దడ మొదలవుతుంది. క్లబ్బు ఇంకొక సంవత్సరం వుంచుకుంటుందా, లేక "నీ దారి నీవు చూసుకో" అంటుందా? ఇరవై, ఇరవై ఒక్క యేళ్ళ కుర్రవాడికి అది పరీక్ష ఫలితం కోసం ఎదురుచూడడం వంటిదే.

అక్టోబరు నుంచి మార్చి దాకా ఆటలుండవు గనుక అభిమానులకు ఒక కాలక్షేపం వున్నది. "మన గట్టు మీది వాళ్ళలో వచ్చే యేడు పైకి వచ్చేదెవరు?" అని పందాలు వేసుకుంటారు. నేను పేర్లు చెప్పి జోస్యం చెప్పను. ఎట్లా చూడాలో మాత్రం చెబుతాను. బడిపంతులు చేయవలసిన పని అదే గదా!

మొదట చూడవలసింది చిన్న ఆటలో వాడేమి చేస్తున్నాడన్నది. పశ్చిమ ఆస్ట్రేలియాలో మాట్ ప్రిడిస్ అనే యువకుడుండేవాడు. కొత్తవారిని ఎంపిక చేసుకునే రోజున క్లబ్బులన్నీ అతన్ని దాటిపోయాయి, ఒకసారి కాదు, కొన్నిసార్లు. వాడు వేగంగా పరుగెత్తలేడన్నారు. చివరకు వెస్ట్ కోస్ట్ క్లబ్బు అతన్ని రూకీగా, అంటే ముఖ్య జాబితా వెలుపల పరీక్షార్థం తీసుకునే కొత్తవాడిగా చేర్చుకున్నది. 2006లో ఆ రాష్ట్రపు లీగులో ఉత్తమ ఆటగాడికిచ్చే శాండోవర్ పతకం అతనికే వచ్చింది. అయినా ఆ యేడు వెస్ట్ కోస్ట్ ఫైనల్ ఆడి గెలిచినప్పుడు అతను జట్టులో లేడు!

ఎందుకు లేడు? రెండవ సంగతి ఇక్కడే వున్నది. తలుపు తెరిచి వున్నదా లేదా చూడాలి. అతను ఆడవలసిన నడిమి వరుసలో అప్పుడు క్రిస్ జడ్, బెన్ కజిన్స్ వంటి హేమాహేమీలు వున్నారు. 2007 చివర ఆ ఇద్దరూ క్లబ్బును విడిచారు. తలుపు తెరుచుకున్నది. ప్రిడిస్ లోపలికి నడిచాడు. మొత్తం 240 ఆటలు ఆడాడు. 2014లో ఏ.ఎఫ్.ఎల్. అంతటిలోకీ ఉత్తమ ఆటగాడికి అంపైర్ల వోట్లతో ఇచ్చే బ్రౌన్లో పతకం అందుకున్నాడు. అందుకని, గట్టు మీదివాణ్ణి చూసేటప్పుడు వాడి ముందు నిలిచినవాణ్ణి కూడా చూడాలి. వాడు విరమించబోతున్నాడా? వేరే క్లబ్బుకు పోతున్నాడా?

మూడవ సంగతి ఒళ్ళు. కొన్ని చెట్లు నాటిన రెండేళ్ళకే కాస్తాయి. కొన్నిటికి పదేళ్ళు పడుతుంది. ఆటలో అందరికన్న పొడుగైనవాడి పని, అంపైరు ఎగరవేసిన బంతిని గాలిలో అందుకుని తనవారి వైపు కొట్టడం. పొడుగు కుర్రవాళ్ళకు ఎముకలు ముందు పెరుగుతాయి. కండ, బలం, అడుగుల నిలకడ తరవాత వస్తాయి. ఆరన్ శాండిలాండ్స్ ఎత్తు 211 సెంటీమీటర్లు, అంటే 6 అడుగుల 11 అంగుళాలు. అతన్నీ ఫ్రీమాంటిల్ క్లబ్బు రూకీగానే తీసుకున్నది. ఓపిక పట్టింది. అతను 271 ఆటలు ఆడాడు. ఆ యేటి మేటి ఆటగాళ్ళతో కూర్చే ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులో నాలుగుసార్లు చోటు సంపాదించాడు.

నాలుగవది కష్టపడే గుణం. చిన్న ఆటలో అందంగా బంతి తన్నినవాడు పెద్ద ఆట వేగానికి తడబడవచ్చు. కాని ఎదుటివాడి వెంటపడి, పట్టుకుని ఆపేవాడి పట్టు ఎక్కడైనా పనికి వస్తుంది. 2021లో సీజన్ నడుమ జరిగిన ఎంపికలో హాథార్న్ క్లబ్బు జై న్యూకంబ్ అనే 19 యేళ్ళ కుర్రవాణ్ణి తీసుకున్నది. అంతకుముందు అతన్ని కూడా క్లబ్బులన్నీ వద్దన్నవే. తన మొదటి ఆటలోనే అతను ఎదుటివారిని 14 సార్లు పట్టి ఆపాడు. అలాంటివాణ్ణి మళ్ళీ గట్టు మీదికి పంపడానికి ఎవరికి చేతులు వస్తాయి!

చివరిది అన్నిటికన్న ముఖ్యం. తప్పు చేసిన మరునాడు వాడు ఎట్లా వున్నాడు? జిమ్ స్టైన్స్ ఐర్లండు దేశంలోని డబ్లిన్ వాడు. 1984లో మెల్బోర్న్ క్లబ్బు అతన్ని రప్పించింది. కోడిగుడ్డు బంతితో అతనికి పరిచయమే లేదు. కొంతకాలం చిన్న జట్లలో నేర్చుకుని 1987లో పెద్ద జట్టుకు వచ్చాడు. ఆ సెప్టెంబరులో ఫైనల్‌కు ముందరి ఆట. మెల్బోర్న్ గెలవబోతున్నది. ఆఖరి క్షణాలలో ప్రత్యర్థి గోలుకు గురి చూస్తుండగా స్టైన్స్ పరుగెత్తకూడని చోట అడ్డంగా పరుగెత్తాడు. అంపైరు ప్రత్యర్థికి 15 మీటర్లు ముందుకు జరిగే అవకాశమిచ్చాడు. గోలు పడింది. మెల్బోర్న్ 2 పాయింట్లతో ఓడిపోయింది. వేలమంది కంటనీరు పెట్టుకున్నారు.

మరొకడైతే ఓడ ఎక్కి ఇంటికి పోయేవాడేమో! స్టైన్స్ సాధనకు తిరిగి వచ్చాడు. నాలుగేళ్ళకు, 1991లో, బ్రౌన్లో పతకం అతని మెడలో పడింది. ఒక్క ఆట కూడా మానకుండా వరుసగా 244 ఆటలు ఆడి రికార్డు నెలకొల్పాడు. తరవాత అదే క్లబ్బుకు అధ్యక్షుడు కూడా అయినాడు. 2012లో జబ్బుతో చనిపోయినప్పుడు మెల్బోర్న్ నగరమంతా దుఃఖించింది.

ఈ అయిదు గుర్తులూ వున్నవాడు తప్పక పైకి వస్తాడా? రాడు. మీతో అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు. ప్రతి యేటా ఎందరో మంచి కుర్రవాళ్ళు అన్నీ చేసి కూడా ఇంటిదారి పడతారు. కాలు విరగవచ్చు. తలుపు తెరుచుకోకనే పోవచ్చు. వారు చేతగానివాళ్ళని అనరాదు. ఇంకొక వంక, అందరూ వదులుకున్నవాడు కూడా రావచ్చు. జేమ్స్ పోడ్సియాడ్లీ రెండు క్లబ్బుల జాబితాలలో వుండి ఒక్క పెద్ద ఆటైనా ఆడకుండా బయటికి వచ్చాడు. యేళ్ళ తరబడి చిన్న లీగులో ఆడాడు. చివరకు 2010లో, 28వ యేట, జీలాంగ్ క్లబ్బు తరఫున మొదటి పెద్ద ఆట ఆడాడు. మరుసటి యేడు ఆ క్లబ్బు ఫైనల్ గెలిచినప్పుడు జట్టులో వున్నాడు.

ఇదంతా చెబుతుంటే నాకు నా తప్పు ఒకటి జ్ఞాపకం వస్తున్నది. ముప్పయ్యేళ్ళ కిందట నేను పనిచేసిన బడిలో కబడ్డీ జట్టును ఎంపిక చేసే బాధ్యత నాదే. ఒక బక్కపలచని కుర్రవాణ్ణి రెండేళ్ళు ఎక్స్‌ట్రాగా కూర్చోబెట్టాను. "ఎందుకయ్యా వాడికి ఆట, చదువుకోమను" అని వాళ్ళ నాన్నతో కూడా అన్నాను. ఆయన తల వంచుకుని వెళ్ళిపోయాడు. మూడవ యేడు మండలం పోటీలలో మా కుర్రవాడొకడికి చీలమండ బెణికింది. గతిలేక వీణ్ణి దింపాను. ఆ రోజు మేము రెండు పాయింట్లతో ఓడిపోయాము. కాని వీడు కూతకు వెళ్ళిన ప్రతిసారీ తిరిగి వచ్చాడు.

"ఎట్లా రా?" అని అడిగితే వాడన్నాడు: "ఆ జట్టువాళ్ళను రెండేళ్ళుగా గీత బయట కూర్చుని చూస్తున్నాను మేష్టారూ. ఎవరు ఏ కాలు ముందు వేస్తారో నాకు తెలుసు."

నేను కూర్చోబెట్టిన రెండేళ్ళనూ వాడు పాఠంగా మార్చుకున్నాడు. ఆ సాయంత్రం వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి నా మాట వెనక్కు తీసుకున్నాను. అప్పటినుంచి ఏ పిల్లవాడి గురించీ "వీడింతే" అనే మాట నా నోట రాలేదు.

తల్లిదండ్రులకు నా మనవి అదే. మీ వాడు ఈ యేడు గట్టు మీద వుంటే వాడి ముందు ఎవరున్నారో చూడండి, వాడి ఒళ్ళు ఎంత ఎదిగిందో చూడండి, తొందరపడి తీర్పు చెప్పకండి.

పిల్లలూ! మీకొక చిన్న పని. మీ బడి జట్టులో గీత బయట కూర్చునేవాళ్ళు వుంటారు గదా? నెల రోజులు వాళ్ళను గమనించండి. సాధనకు ముందుగా వచ్చేదెవరు? ఓడినరోజు మరునాడు కూడా వచ్చేదెవరు? వచ్చే యేడు ఎవరు పైకి వస్తారని మీకు తోస్తే వారి పేరు నోటుపుస్తకం వెనక పేజీలో రాసి, తేదీ వేసి దాచుకోండి. యేడాది తరవాత తీసి చూసుకోండి. అక్కడ మీ పేరే రాసుకోవాలనిపిస్తే, సిగ్గుపడకుండా రాసుకోండి!