ఘాట్ ఎక్కే ముందు బానెట్ ఎత్తండి
- ఆవిరి కమ్మాక నీళ్లు పోస్తే లాభం లేదు
- సుంకి దారిలో వేసవి ప్రయాణాలకు జాగ్రత్తలు

కొరాపుట్: 2023 మే నెల. మిట్టమధ్యాహ్నం. సాలూరులో పెళ్లి భోజనం చేసి ఆరుగురు ఒకే కారులో జయపురం బయల్దేరారు. ఏసీ ఫుల్లుగా పెట్టారు. ఘాట్ మొదలయ్యాక ముందు లోడు లారీ. దాన్ని దాటే దారి లేదు. వెనకాలే పాకుతూ పోవాల్సిందే. కారులో అందరూ పెళ్లి కబుర్లలో పడ్డారు. ముల్లు పైకి పోతున్న సంగతి ఎవరూ చూడలేదు.

సుంకి ఇంకా రాకముందే తియ్యటి వాసన కొట్టింది. ‘ఏటి బావా ఈ వాసన?’ అని అడిగేలోపే బానెట్ సందుల్లోంచి ఆవిరి. బండి ఆపారు. ‘ఏటవుద్ది, రెండు సీసాల నీళ్లు పోస్తే సరి’ అంటూ మావయ్య దిగి రేడియేటర్ మూత తిప్పారు. అంతే. సలసల కాగిన నీళ్లు ఎగజిమ్మి చెయ్యి, మెడ కాలిపోయాయి. ఇంటికి వెళ్లాల్సిన వాళ్లు వేరే బండిలో సాలూరు ఆసుపత్రికి తిరిగొచ్చారు. ఆ ఆరుగురిలో ఈ విలేకరి ఒకడు. మావయ్య కోలుకున్నారు గానీ మోచేతి మీద మచ్చలు పోలేదు. ఇంజిన్ హెడ్ వంకరపోయి కారు వారాల తరబడి షెడ్డులోనే ఉంది.

కొరాపుట్, సునాబెడ, జయపురం తెలుగు కుటుంబాలకు ఈ 26వ నంబరు జాతీయ రహదారి (పాత 43) పుట్టింటి దారి. పెళ్లికైనా, చావుకైనా, విశాఖ ఆసుపత్రికైనా ఇదే దిక్కు. సాలూరు కొండ కింద ఉంటే, కొరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. నిండు బండితో ఈ ఎత్తు ఎక్కడమంటే ఇంజిన్‌కు పరీక్షే.

లారీ అలవాటు కారుకు చెల్లదు

సాలూరు లారీల ఊరు. వెనకటి రోజుల్లో డ్రైవర్లు నీళ్ల డబ్బా వెంట పెట్టుకుని, బండి వేడెక్కితే ఆపి పోసేవారు. ఆ అలవాటే మన ఇళ్లలోనూ మిగిలిపోయింది. ఇప్పటి కార్లలో కూలెంట్ ఒత్తిడి మీద తిరుగుతుంది. మామూలుగా నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. కొరాపుట్ ఎత్తులో అయితే 97 దగ్గరే మరుగుతాయి. ఇథిలీన్ గ్లైకాల్ సగం, నీళ్లు సగం కలిపిన కూలెంట్ మూత బిగించి ఉన్నంతసేపు 120 డిగ్రీలు దాటినా మరగదు. వేడి మీద మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది. లోపలిది ఆ క్షణమే సలసల మరిగి ఆవిరితో పాటు మీదికి ఎగదన్నుతుంది. మావయ్యకు జరిగింది అదే.

పైగా బోరు నీళ్లలోని లవణాలు రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటాయి. లోపల తుప్పు పడుతుంది. తప్పనిసరైతే డిస్టిల్డ్ వాటర్ పోయొచ్చు. తర్వాత కూలెంట్ పాళ్లు సరిచేయించాలి.

ముల్లు మాట వినండి

చాలా కార్లలో ఇంజిన్ వేడి 90 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది. ముల్లు సగం దగ్గర నిలకడగా ఉంటే దిగుల్లేదు. రోజూ ఉండే చోటు దాటిందంటే ‘హెచ్’ గీత దాకా ఆగకండి. కొన్ని కొత్త కార్లలో ముల్లే లేదు. ఎర్ర దీపం ఒక్కటే ఉంటుంది. అది వెలిగేసరికే ఆలస్యం అయిపోతుంది. అలాంటి కార్లలో స్టీరింగ్ కింది ఓబీడీ సాకెట్‌కు చిన్న రీడర్ తగిలిస్తే ఫోన్‌లో డిగ్రీలు కనిపిస్తాయి.

ఇంకో మెలిక ఉంది. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ చుట్టూ గాలే మిగులుతుంది. అప్పుడు ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు కిందికి పడిపోవచ్చు. ఎక్కుతున్న బండిలో ముల్లు ఉన్నట్టుండి పడిపోతే చల్లబడిందని సంతోషించకండి, ఆపేయండి.

బయల్దేరే ముందు రెండు నిమిషాలు

* పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బా చూడండి. మట్టం ‘మిన్’, ‘మ్యాక్స్’ గీతల మధ్య ఉండాలి. మాటిమాటికీ తగ్గుతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టే.
* రబ్బరు గొట్టాలు నొక్కి చూడండి. బిరుసెక్కినా, మరీ మెత్తబడినా మార్పించండి.
* రేడియేటర్ రెక్కల్లో బురద, పురుగులు ఉంటే నీళ్లు మెల్లగా కొట్టి కడగండి.
* రంగు చూసి కూలెంట్ కొనకండి. కారు పుస్తకంలో రాసిన రకమే పోయండి. ఎప్పుడు మార్చాలో కూడా అందులోనే ఉంటుంది.
* కూలెంట్ తియ్యగా ఉండే విషం. పిల్లలకు, పశువులకు అందనీయకండి. పారబోసింది కుక్క నాకినా ప్రాణం మీదికొస్తుంది.

దారిలో వేడెక్కితే..

ఎక్కేటప్పుడు పెద్ద గేరులో ఈడ్చకుండా చిన్న గేరులో పోనివ్వండి. నీళ్ల పంపు బాగా తిరుగుతుంది. ముల్లు లేస్తుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పి అద్దాలు దించండి. లోపల ఉడికిపోతుంది, నిజమే. కానీ ఇంజిన్ వేడి కొంత ఆ దారినే బయటికి పోతుంది. అయినా తగ్గకపోతే, లేదా ఆవిరి కనిపిస్తే మలుపు కాని చోట పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. ఆవిరి తగ్గాకే బానెట్ ఎత్తాలి. కనీసం అరగంట మూత జోలికి పోవద్దు. ఆ తర్వాతైనా మందపాటి గుడ్డ వేసి కొద్దికొద్దిగా తిప్పాలి. కాలిన ఇంజిన్ మీద చల్లనీళ్లు కుమ్మరిస్తే లోహం పగులుతుంది.

ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపించినా, సైలెన్సర్‌లోంచి తెల్లపొగ ఆగకుండా వస్తున్నా హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. ‘జయపురం దాకా లాగించేద్దాం’ అనుకోకుండా బండిని ట్రాలీ మీద తెప్పించుకోవడమే మేలు. కూలెంట్ ఖర్చు వందల్లో ఉంటే హెడ్ పని వేలల్లో ఉంటుంది.

మావయ్య ఇప్పటికీ ఆ దారినే సాలూరు వస్తుంటారు. ముందు సీట్లోనే కూర్చుంటారు. ఘాట్ మొదలయ్యిందంటే చాలు, అయిదు నిమిషాలకోసారి ‘ముల్లెక్కడుందిరా?’ అని అడుగుతారు. ఒకప్పుడు నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు ఎవరు నడుపుతున్నా ఆయన అడగక ముందే చెప్పేస్తున్నాం.